ఆపరేటర్ గారూ, ఒక మాట! (ఈసారి 2018 సినిమాల మీద)

తెలుగులో ఎక్కువ మంది శభాష్ అన్న సినిమాలు ఏ ఏడాదిలో వచ్చాయని పోయిన సంచికలో అడిగాను. ఉత్తరాల్లో సగానికి పైగా 2018 అనే రాశారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. ప్రొజెక్టరు పక్కన తలనెరిసినవాణ్ణి, నా జవాబుల్లో బొమ్మ సంగతి తక్కువ, సౌండు సంగతి ఎక్కువ ఉంటాయి. ముందే చెప్పేస్తున్నా.

ప్రశ్న: ‘రంగస్థలం’ అని మా ఆయన, ‘మహానటి’ అని నేను, ‘కేరాఫ్ కంచరపాలెం’ అని మా అమ్మాయి. రివ్యూలు చూస్తే మూడింటినీ మెచ్చుకున్నవే. మీ ఓటు ఎవరికి?
*మర్రిపాలెం నుంచి ఒక గృహిణి*

మీ అమ్మాయికే. మన విశాఖ సినిమా అని మాత్రం కాదమ్మా.

మార్చి 30న ‘రంగస్థలం’, మే 9న ‘మహానటి’, సెప్టెంబరు 7న ‘కంచరపాలెం’ వచ్చాయి. మొదటి రెండింటికీ పేరున్న నటులు, పెద్ద సెట్లు, బలమైన బ్యానర్లు ఉన్నాయి. మూడోదానికి వెంకటేష్ మహా అనే కొత్త దర్శకుడు, అమెరికాలో గుండె డాక్టరుగా పనిచేసే పరుచూరి విజయ ప్రవీణ అనే నిర్మాత. ఆమె అందులో సలీమా వేషం కూడా వేశారు. తెర మీద 80 మందికి పైగా కనబడతారు. వాళ్లలో చాలామంది ఆ పేటవాళ్లే, కెమెరా ముందుకు రావడం అదే మొదలు. రానా సమర్పించాక గానీ అది అన్ని ఊళ్ల హాళ్లకీ చేరలేదు.

నా ఓటు ఎందుకంటే, ఆ సినిమాలో మాటలు అక్కడికక్కడే రికార్డు చేశారు. మన సినిమాల్లో ఎక్కువ భాగం సెట్లో పెదాలు కదుపుతారు, గొంతు తర్వాత డబ్బింగ్ థియేటర్లో ఇస్తారు. ఎన్నడూ మైకు ముందు నిలబడని మనిషిని ఏసీ గదిలోకి తీసుకెళ్లి, వీధిలో ఎలా కసురుకున్నావో మళ్లీ అలాగే కసురుకోమంటే వస్తుందా? రాదు. గొంతు బిగుసుకుపోతుంది. ఇందులో ఆ బాధ లేదు. ఒకరి మాట పూర్తవకుండానే ఇంకొకరు అందుకుంటారు, మాట వెనకాల వీధి కూడా వినబడుతూ ఉంటుంది. యాభైకి దగ్గరపడినా పెళ్లికాని అటెండర్ రాజు, ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరమ్మ రాధ మాట్లాడుకుంటుంటే మనం పక్క టేబుల్ దగ్గర చెవులొగ్గి కూర్చున్నట్టే ఉంటుంది.

రీళ్ల రోజుల్లో ఫిల్ము అంచున ఉండే సౌండ్ ట్రాకు బొమ్మ కన్నా సుమారు 20 ఫ్రేములు ముందుకి ఉండేది. ప్రొజెక్టర్లో లూపు, అంటే ఫిల్ముని వదులుగా వదిలే వంపు, కాస్త అటూ ఇటూ అయితే పెదాలొక చోట, మాటొక చోట. అలా సినిమా చూస్తే ముందు మూతులే చూసే జబ్బు నాకు పట్టుకుంది. ‘కంచరపాలెం’ చూసినప్పుడు ఆ జబ్బు గుర్తే రాలేదు. చివర్లో నాలుగు ప్రేమకథలూ ఏమవుతాయో మాత్రం చెప్పను. ఇంకా చూడనివాళ్లున్నారు, నన్ను తిడతారు.

‘మహానటి’ కూడా తీసిపారేసేది కాదు. కీర్తి సురేష్, దుల్కర్ సల్మాన్ ఇద్దరికీ తెలుగు ఇంటి భాష కాదు. అయినా ఎవరి గొంతు వాళ్లే ఇచ్చుకున్నారు. సావిత్రి గొంతు ఎరిగిన మా తరానికి అది తేలిగ్గా ఎక్కేది కాదు. ‘ఆహ నా పెళ్ళియంట’ దగ్గర నేను లొంగిపోయాను. ‘మాయాబజార్’లో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నటించింది. ఆ సావిత్రిగా కీర్తి నటించాలి. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడు, ఆ రాక్షసుడి వెనక సావిత్రి, ఆమె వెనక ఈ పిల్ల. 2010లో రంగులద్దిన ‘మాయాబజార్’ వేసినప్పుడు ఆ పాటకి హాలు ఎలా ఊగిందో కళ్లారా చూసినవాణ్ణి. ఆ పాట జోలికి వెళ్లడానికే ధైర్యం కావాలి.

ప్రశ్న: సార్, ‘రంగస్థలం’లో రామ్ చరణ్ అంత బాగా చేస్తే నేషనల్ అవార్డు సౌండుకి ఇవ్వడమేంటి?
*గాజువాక నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి*

అలిగితే ఎలా తమ్ముడూ! ఆ ఏడాది ఉత్తమ నటుడి అవార్డు ఇద్దరికి పంచారు, ‘అంధాధున్’కి ఆయుష్మాన్ ఖురానా, ‘ఉరి’కి విక్కీ కౌశల్. ‘ఉరి’ 2019 జనవరిలో కదా వచ్చిందని నువ్వు వెంటనే అంటావు. ఈ అవార్డులకి లెక్క హాల్లో విడుదలైన తేదీ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీ. అందుకే అది 2018 సినిమాలకిచ్చిన 66వ అవార్డుల్లోకి వచ్చింది.

ఇక సౌండు. అప్పట్లో ఆ అవార్డు మూడు రకాలుగా ఉండేది. షూటింగ్ చోట రికార్డు చేసేది ఒకటి, శబ్దాలు అల్లేది ఇంకొకటి, అన్నీ కలిపి చివరి మిక్సింగ్ చేసేది మూడోది. ‘రంగస్థలం’కి వచ్చింది ఈ మూడోదే, ఎం.ఆర్. రాజాకృష్ణన్‌కి. మాట ఎక్కడ పైకి లేవాలి, పాట ఎక్కడ తగ్గాలి, ఎక్కడ ఏదీ వినబడకూడదు అన్నది ఆయన చేతిలో పని. హీరో ఎవరో గుర్తు తెచ్చుకో. చెవులు సరిగా వినబడని చిట్టిబాబు, ఊరంతా సౌండ్ ఇంజినీర్ అని పిలిచే మనిషి. అన్న ప్రాణం పోతూ చెప్పిన మాట తమ్ముడి చెవిన పడదు, ఆ తర్వాతి కథంతా దాని మీదే నడుస్తుంది. అలాంటి సినిమాకి సౌండులో అవార్డు రాకపోతేనే నేను అలిగేవాణ్ణి.

ప్రశ్న: ‘చి.ల.సౌ.’కి కూడా జాతీయ అవార్డట. మా ఊళ్లో అది ఆడిన గుర్తే లేదు!
*అనకాపల్లి నుంచి ఒక ఉపాధ్యాయుడు*

అదీ 2018దే మాస్టారూ. ఆగస్టు 3న ‘గూఢచారి’, ఇదీ ఒకే రోజు దిగాయి. గూఢచారి వేగానికి జనం అటు పోయారు. ఇందులో తుపాకుల్లేవు. పెళ్లి వద్దనుకునే అబ్బాయి, పెళ్లిచూపులతో విసిగిపోయిన అమ్మాయి, ఒక రాత్రి, మాటలు. నటుడు రాహుల్ రవీంద్రన్‌కి దర్శకుడిగా మొదటి సినిమా. ఉత్తమ స్క్రీన్‌ప్లే ఆయనకిచ్చారు. ఇంట్లో పెద్దాళ్లతో కూర్చుని చూడండి, పెళ్లి సంబంధాల మీద చర్చ మొదలైతే నా పూచీ లేదు.

ప్రశ్న: మంచి సినిమా అని వెళ్తే డైలాగులు అర్థం కావు, పాటలు వస్తే చెవులు పగులుతాయి. తప్పు సినిమాదా, హాలుదా?
*భీమిలి నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి*

నూటికి తొంభై పాళ్లు హాలుదే. మా రూములో సౌండ్ ప్రాసెసర్ మీద ఫేడరు అని సౌండు పెంచి తగ్గించే మీట, దానికో అంకె ఉంటాయి. మిక్సింగ్ చేసినవాళ్లు 7 దగ్గర పెట్టుకుని విని సరే అంటారు. హాల్లో ఏం జరుగుతుందంటే, ట్రైలర్ల మోతకి ఎవరో ఒకాయన బయటికొచ్చి కేకలేస్తాడు. మేనేజరు పైకి కుర్రాణ్ణి పంపుతాడు. 5కి దించుతారు. సినిమా మొదలయ్యాక మళ్లీ 7కి పెట్టే నాథుడుండడు. ఇంక గుసగుసలు వినబడమంటే ఎక్కడ వినబడతాయి?

ఇంకో సంగతి. మాటలన్నీ దాదాపుగా తెర వెనక మధ్యలో ఉండే స్పీకర్లోంచే వస్తాయి. దాని పైన హారన్ ఉంటుంది, సన్నటి ధ్వనులు దాని పని. అది కాలిపోతే ‘స’లూ ‘శ’లూ మింగేస్తుంది, మాట ముద్దగా వస్తుంది. పాటకి పక్క స్పీకర్లు ఉంటాయి కనుక అది మామూలుగానే మోగుతుంది. మీరు చెప్పిన లక్షణాలు అచ్చం అవే. నేను పనిచేసిన ఒక హాల్లో హారన్ పోయిందని చెబితే, ‘పండగ సినిమా అయ్యాక చూద్దాం’ అన్నారు. ఏ పండగో చెప్పలేదు. మీరైతే ఇంటర్వెల్లో మేనేజర్ని కలిసి ‘సెంటర్ స్పీకర్ చూడండి’ అనండి. ఆ మాట వింటే ఈయనకి విషయం తెలుసని కదులుతారు.

ప్రశ్న: ‘ఈ నగరానికి ఏమైంది’ రివ్యూల్లో అంత పైకి లేవలేదు, ఇప్పుడేమో మా కుర్రాళ్లకి కంఠతా వచ్చు. మీ మాట?
*సీతమ్మధార నుంచి*

2018 జూన్ 29న వచ్చింది, సరిగ్గా అయిదేళ్లకి అదే తేదీన మళ్లీ వేశారు. రెండోసారి సినిమా మాట ఒక్కటీ వినబడలేదు. తెర కన్నా ముందే కుర్రాళ్లు చెప్పేస్తున్నారు. మరి దానికి ఏ ఫేడరు తిప్పమంటారు?

ప్రశ్న: మా కంచరపాలేన్ని దేశమంతా చూసింది. మాకేటి ఒరిగింది?
*ఊర్వశి జంక్షన్ నుంచి ఒక కుర్రాడు*

డబ్బు లెక్కలో నీకేమీ ఒరగలేదు నాయనా, అబద్ధమెందుకు చెప్పాలి. మన మాట తీరుని నవ్వులాటకి, జోకర్ వేషానికి వాడుకునే పరిశ్రమ ఇది. ఆ ఒక్క సినిమాలో అదే మాట తీరుతో ప్రేమించారు, ఏడ్చారు, అలిగారు, హాల్లో ఎవరూ వెక్కిరించలేదు. నాకది చిన్న సంగతి కాదు. ఆ దర్శకుడే తర్వాత అరకు వెళ్లి ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ తీశారు. 2020 జూలైలో కరోనాకి హాళ్లన్నీ మూతబడి ఉంటే నెట్‌ఫ్లిక్స్‌లో వదిలారు. అరకు కొండల్ని నేను మా మనవడి ఫోన్లో చూడాల్సొచ్చింది. ఆ కోపం నాకింకా ఉంది.