బాదం ఎన్ని తినాలో ఆకలినే అడగండి

ప్రశ్న: రెండు నెలలుగా రోజూ పరగడుపున పది బాదం, ఐదు జీడిపప్పు, రెండు అక్రోట్లు, మూడు ఖర్జూరాలు తిని గ్లాసు పాలు తాగుతున్నాను. బలం మాట అటుంచి, మధ్యాహ్నం దాకా ఆకలే వేయడం లేదు. కడుపు ఉబ్బరం, నాలుక మీద తెల్లటి పూత, మొహాన మొటిమలు. వేడి చేసిందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేడి కొంత ఉంది. అంతకంటే ముఖ్యం, తిన్నది అరగడం లేదు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో సూత్రస్థానం అనే భాగం 27వ అధ్యాయం బాదం, అక్రోటు, పిస్తాలను ఒకే గుంపులో చేర్చింది. ఇవి గురువు (అరగడానికి బరువు), ఉష్ణం (వేడి చేసేవి), స్నిగ్ధం (జిడ్డు), మధురం (తీపి); బలాన్నిస్తాయి, వాతాన్ని తగ్గిస్తాయి, కఫపిత్తాలను పెంచుతాయి. మీ ఉబ్బరం, పూత కఫం వైపు, మొటిమలు పిత్తం వైపు చూపిస్తున్నాయి. బరువైన ఆహారాన్ని సగం తృప్తి దగ్గరే ఆపమన్నది కూడా చరకుడి మాటే. మీరు నిద్ర లేవగానే, ఆకలి పుట్టకముందే ఇరవై గింజలు, కాయలు కడుపులో వేస్తున్నారు. పైగా పాలతో కలిపి తినకూడనివాటి జాబితా చరకుడు ఇచ్చాడు, అందులో అక్రోటు ఉంది.

వారం పాటు అన్నీ ఆపేయండి. భోజనానికి ముందు సన్నటి అల్లం ముక్క రెండు ఉప్పు రవ్వలతో నమలండి. గుండెల్లో మంట ఉంటే ఇది వద్దు. నాలుక శుభ్రపడి, పొద్దున తొమ్మిదికల్లా ఆకలి వేస్తున్నప్పుడు మూడు బాదంతో మొదలుపెట్టండి. ఎనిమిది నుంచి పది గంటలు నానాలి. వేళ్ల మధ్య నొక్కితే పప్పు చటుక్కున జారి, పొట్టు చేతిలో మిగలాలి. పొట్టు అంటుకుని ఉంటే ఇంకా నానలేదన్నమాట. నీళ్లు పారబోసి, పొట్టు తీసి, మెత్తగా నమలండి. పళ్లు సరిగా లేనివారు నూరి, చిటికెడు ఏలకుల పొడితో గోరువెచ్చని పాలలో తీసుకోవచ్చు. ఎండాకాలంలో పన్నెండు గంటలు దాటితే నీళ్లకు పులిసిన వాసన వస్తుంది, ఆ పప్పు తినకండి. పది రోజులు సుఖంగా అరిగితే ఆరుకు పెంచండి, చాలు. చలికాలంలో జఠరాగ్ని, అంటే అరిగించుకునే శక్తి, బలంగా ఉంటుంది కాబట్టి ఎనిమిదైనా అరుగుతాయి. వానాకాలంలో మళ్లీ తగ్గించాలి.

ఉష్ణతత్వం ఉన్నవారికి నా సలహా సారపప్పు. దీనికి బాదం గుణాలన్నీ ఉన్నాయి, ఉష్ణం తప్ప అని చరకుడు ప్రత్యేకంగా చెప్పాడు. మన అడవుల్లో దొరికే మొర్రి పండ్ల గింజలోని పప్పే ఇది. చెంచాడు చాలు. దాన్ని పాయసంలో అలంకారంగా మాత్రమే చూడటం మానేద్దాం.

ప్రశ్న: డ్రై ఫ్రూట్స్‌ను సీసాలో తేనె, నెయ్యి సమానంగా పోసి నానబెడుతున్నాం. మంచిదేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వద్దు. తేనె, నెయ్యి సమపాళ్లలో కలపడం విరుద్ధాహారమని, అంటే ఒకదానికొకటి పడని కలయికని, ఆయుర్వేదం చెబుతోంది. తేనె ఒక్కటే వాడండి, దాన్ని వేడి చేయకండి. పప్పులు పూర్తిగా ఎండినవై ఉండాలి. ముందే నీళ్లలో నానబెట్టినవి వేస్తే ఆ తేమకు తేనె పులిసి బుడగలు లేస్తుంది. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు. అయిదేళ్లలోపు వారికి పప్పులు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, పొడి చేసే పెట్టండి.

ప్రశ్న: షుగర్ ఉంది. ఖర్జూరం సహజమైన తీపే కదా, తినవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: సహజమైనదైనా అది చక్కెరే. మామూలు సైజు ఖర్జూరం ఒకటిలో సుమారు ఐదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు చక్కెర ఉంటుంది. మీ వైద్యులు ఒప్పుకుంటే ఒకటి, అదీ ఒట్టిగా కాకుండా నాలుగు బాదంతో కలిపి. ఎండుద్రాక్షకూ ఇదే వర్తిస్తుంది. షుగర్ లేక మలబద్ధకంతో బాధపడేవారికి మాత్రం గింజలున్న నల్ల ఎండుద్రాక్ష చక్కటి మందు: పది, పన్నెండు రాత్రి నానబెట్టి, పొద్దున చేత్తో పిసికి, గింజలు తీసేసి, నీళ్లతో సహా తాగాలి. విరేచనాలు పట్టుకుంటే సగానికి తగ్గించండి.

ప్రశ్న: జీడిపప్పు గురించి ప్రాచీన గ్రంథాల్లో ఏముంది?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ఏమీ లేదు. జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చారు. తీపి, జిడ్డు, బరువు చూసి బాదం వర్గంలోనే లెక్కించుకోవాలి. రోజుకు నాలుగైదు చాలు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు జీడిపప్పు, బాదం రెండూ వైద్యుణ్ణి అడిగాకే తినాలి.