శ్రీనాథ్‌ని గొప్ప ఫాస్ట్ బౌలర్ అనొచ్చా?

టెస్టుల్లో సగటు (ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు, తక్కువైతేనే మేలు) 30 దాటినవాణ్ణి గొప్ప బౌలర్ అని ఎలా అంటారు అని అడిగారు, జవగళ్ శ్రీనాథ్ గురించి. నేను అనంతపురం నుంచి చదువుకని వచ్చి బెంగళూరులోనే ఉండిపోయినవాణ్ణి. ఆయన ఆట చిన్నస్వామి స్టేడియంలో కళ్ళారా చూశాను. నన్నడిగితే, మొహమాటం లేకుండా అనొచ్చు.

67 టెస్టుల్లో 236 వికెట్లు, సగటు 30.49. నిజమే. కానీ 1991లో బ్రిస్బేన్‌లో తొలి టెస్టు ఆడిన మనిషికి స్వదేశంలో టెస్టు దక్కింది 1994లో. అప్పటిదాకా ఇక్కడ సిరీస్ అంటే పేసర్లుగా కపిల్, ప్రభాకర్, ఆపైన స్పిన్నర్లు. ఒంట్లో వేగం పొంగుతున్న ఏళ్ళు బెంచీ మీదే పోయాయి. తర్వాత 1997లో భుజానికి ఆపరేషన్.

మన పిచ్‌లు స్పిన్‌కే పనికొస్తాయంటారు కదా, శ్రీనాథ్ సగటు మాత్రం విదేశాల్లో కన్నా ఇక్కడే మెరుగు. 1996లో అహ్మదాబాద్ చూడండి. దక్షిణాఫ్రికాకు 170 కొడితే గెలుపు. 105కే చాప చుట్టేసింది. శ్రీనాథ్ 21 పరుగులకు 6 వికెట్లు. 1999 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఒకే ఇన్నింగ్స్‌లో కుంబ్లే 9 తీసి ఉంటే, పదోది కూడా కుంబ్లేకే దక్కాలని అటు ఎండ్ నుంచి స్టంప్‌లకు దూరదూరంగా వేసింది ఈయనే. అదే నెల కోల్‌కతాలో పాకిస్తాన్ మీద రెండో ఇన్నింగ్స్‌లో 86కి 8, మ్యాచ్ మొత్తంలో 13. అయినా ఓడిపోయాం! ఒక ఎండ్ నుంచి ఒక్కడే లాగితే బండి ఎంతదూరం వెళ్తుంది?

మైసూరు కుర్రాడు కాబట్టి ఇక్కడివాళ్ళకు ఆయన 'నమ్మ శ్రీనాథ్', అంటే మన శ్రీనాథ్. హైదరాబాద్ అభిమానులకు మాత్రం కాస్త చేదు: కర్ణాటక తరఫున తొలి ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లోనే హ్యాట్రిక్ తీసింది హైదరాబాద్ మీదే.

నేను గ్యాలరీలో ఉన్నది 1996 అక్టోబర్‌లో, టైటాన్ కప్ వన్డేలో ఆస్ట్రేలియాతో ఆడిన రోజు. 216 కొట్టాలి. 164 దగ్గర 88 చేసిన సచిన్ ఎనిమిదో వికెట్‌గా వెనుదిరిగాడు. మా వరుసలో సగం మంది లేచి గేటు దారి పట్టారు. ఆ తర్వాత శ్రీనాథ్, కుంబ్లే ఔటవకుండా 52 జోడించి గెలిపించారు. వెళ్ళినవాళ్ళు అరుపులు విని మెట్ల మీద నుంచే మెడలు సాచి చూశారు. మా సీట్లు మాకియ్యండని అడగడానికి వాళ్ళకు నోరు రాలేదు. అది బ్యాటింగే అనుకోండి, ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇక 2003 ప్రపంచ కప్ ఫైనల్లో 87 పరుగులిచ్చాడని ఎత్తిపొడిచేవాళ్ళున్నారు. టెస్టులకు సెలవు చెప్పిన మనిషి, 33 ఏళ్ళ వయసులో, కెప్టెన్ గంగూలీ పట్టుబట్టాడని ఆ కప్ ఆడాడు. టోర్నీలో 16 వికెట్లు తీశాడు. అప్పుడు జహీర్, నెహ్రా లాంటి ఫాస్ట్ బౌలర్లు పక్కనున్నారు. పదేళ్ళ ముందే అలాంటి తోడు ఉండుంటే మీరీ సగటు ప్రశ్న అడిగేవారే కాదు.