డాక్యుమెంటేషన్ రాస్తూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం. రాత్రి పొద్దుపోయేదాకా పాండాస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పనిచేస్తోంది. పైసా రాదు. పోనీ కొత్త ప్రోగ్రామ్ ఏదైనా రాస్తుందా అంటే అదీ లేదు. ఎవరో రాసిన కోడ్ సరిదిద్దడం, డాక్యుమెంటేషన్ రాయడం! పక్క ఫ్లాట్ అబ్బాయి రోజూ లీట్‌కోడ్ అనే సైట్‌లో కోడింగ్ లెక్కలు చేస్తున్నాడు. వచ్చే ఏడాదే ప్లేస్‌మెంట్స్. రెండింటిలో ఏది మేలు? నేను రెవెన్యూ శాఖలో పనిచేస్తాను, ఈ రంగం నాకు తెలియదు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పక్క ఫ్లాట్ అబ్బాయి ఏం చేస్తున్నాడో మీకు తెలుసు. మీ అమ్మాయి సరిదిద్దుతున్నది ఏమిటో, అది ఎవరికి పనికొస్తుందో మాత్రం మీ ఉత్తరంలో లేదు. అడిగి ఉండరు. మూడో సంవత్సరం పిల్లల తల్లిదండ్రులు చాలామంది నన్ను ఇదే అడుగుతారు, ప్రాజెక్టు పేరు మారుతుందంతే. నలుగురూ వెళ్లే దారిలో మన పిల్ల లేదే అన్నదే అసలు టెన్షన్. ఆ భయం సహజం. దాన్ని తీసుకెళ్లి పిల్ల నెత్తిన పెట్టడమే తప్పు.

ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా చూసి, వాడుకుని, మార్పులు పంపగలిగేలా కోడ్‌ను బహిరంగంగా ఉంచడం. పాండాస్ అలాంటిదే, డేటాను విశ్లేషించడానికి వాడే పైథాన్ లైబ్రరీ. చిన్నాచితకా ప్రాజెక్టు కాదండీ. 2008లో వెస్ మెకినీ మొదలుపెట్టారు. ఇప్పుడు అమీర్‌పేటలో చేరినా అమెరికాలో చేరినా, డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లకు అది తగలకుండా పోదు. అందులో ప్రతి ఫంక్షన్‌కూ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కకు) అదేం చేస్తుంది, ఏమిస్తే ఏమొస్తుంది అన్నది ఉదాహరణతో సహా కోడ్‌లోనే రాయాలి. దాన్ని డాక్‌స్ట్రింగ్ అంటారు. ఏది వదిలేశారో పట్టుకునే స్క్రిప్ట్ కూడా ఆ ప్రాజెక్టులోనే ఉంది. ఉదాహరణ లేకపోతే ‘ఈఎక్స్01’ అని తప్పు చూపిస్తుంది. రాసిన ఉదాహరణను నిజంగా నడిపి చూస్తారు, ఫలితం తేడా వస్తే కుదరదు. కాబట్టి ఖాళీ డేటా ఇస్తే ఏమవుతుంది, తేదీలిస్తే ఏమవుతుంది అని కోడ్ లోపలికి వెళ్లి చదవాల్సిందే. అంతా అయ్యాక కూడా ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్లు ‘ఇది స్పష్టంగా లేదు, మళ్లీ రాయండి’ అని వెనక్కి పంపుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చేయాల్సిన పనీ ఎక్కువగా ఇదే: వేరేవాళ్ల కోడ్ చదవడం, ఉన్నది చెడకుండా మార్చడం, ఎందుకు మార్చామో రాయడం.

మీ ఆఫీసులో పాత ఫైలు తెరిస్తే, ఆ ఉత్తర్వు ఎందుకిచ్చారో నోట్ లేకపోతే ఎంత అవస్థో మీకు తెలుసు. డాక్యుమెంటేషన్ అంటే ఆ నోటే. ఇలాంటి ప్రాజెక్టుల కోడ్ ఉంచే వెబ్‌సైట్ గిట్‌హబ్ 2017లో చేసిన సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ సరిగా లేకపోవడాన్ని సమస్యగా చెప్పారు. అదే సర్వేలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్ పనిలో తాము ఎప్పుడో తప్ప చేయి పెట్టబోమని, లేదా అసలే పెట్టబోమని అన్నారు. అందరికీ కావాల్సిన, ఎవరూ ముట్టని పని మీ అమ్మాయి పట్టుకుంది.

అయితే ఓపెన్ సోర్స్ పేరుతో నడుస్తున్న ఫ్యాషన్ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఓపెన్ సోర్స్‌కు పనిచేసినవాళ్లకు టీషర్ట్ ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో జనం ఆ టీషర్ట్ కోసం పనికిరాని పుల్ రిక్వెస్టులు (‘నా మార్పు చేర్చుకోండి’ అని పంపే అభ్యర్థనలు) కుప్పలు పోశారు. చివరికి ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవాలని నిర్వాహకులు నడిమధ్యలో నిబంధన మార్చారు. 2024లో, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో తమ పేరు చేర్చమంటూ వచ్చిన పుల్ రిక్వెస్టులకు లెక్క లేదు. ఒక యూట్యూబ్ పాఠం చూసి చేసిన పని అది. పంపినవాళ్లలో మన దేశపు విద్యార్థులు ఎక్కువ. ఉచితంగా పనిచేస్తున్న మెయింటెయినర్ల సమయం అలా పాడుచేయడం నాకు చాలా బాధ కలిగించింది. గిట్‌హబ్‌లో ఏ రోజు పనిచేశామో చూపే పచ్చ గడులు నింపుకోవడానికి అక్షర దోషాలు దిద్దుతూ ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు తిరిగేవాళ్లూ ఉన్నారు. ఇంటర్వ్యూలో ‘ఈ మార్పు ఎందుకు చేశావు’ అని అడిగితే వాళ్ల దగ్గర జవాబుండదు. మీ అమ్మాయి ఒకే ప్రాజెక్టులో నిలబడింది. నాకు ధైర్యం కలిగిస్తున్నది అదే.

మీరడిగిన పోలిక: క్యాంపస్‌కు వచ్చే పెద్ద కంపెనీల్లో చాలావరకు మొదట పెట్టేది ఆన్‌లైన్ పరీక్ష. అక్కడ గిట్‌హబ్ ఎవరూ చూడరు. అందుకని రోజుకో గంట డీఎస్‌ఏ (డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్; లీట్‌కోడ్‌లో ఉండే లెక్కలు) చేయక తప్పదు, ఆ మాట అమ్మాయికీ చెప్పండి. ఆ గడప దాటాక ఈ పనే మాట్లాడుతుంది. రివ్యూలో ఎవరు ఏమన్నారు, ఆమె ఎలా సమాధానమిచ్చింది అన్నదంతా బహిరంగంగా ఉంటుంది, రెజ్యూమెలో ఆ లింకులు ఇవ్వొచ్చు.

డబ్బు సంగతికొస్తే, ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అవుట్‌రీచీ అనే కార్యక్రమాలు రెండూ స్టైపెండ్ ఇస్తాయి. అవుట్‌రీచీలో ఎంపిక కావాలంటే ముందు అందులో పాల్గొనే ప్రాజెక్టుల్లో ఒకదానికి పనిచేసి చూపించాలి. అలా పనిచేయడం మీ అమ్మాయికి ఇప్పటికే అలవాటే. దరఖాస్తు గడువులు ఈ వారమే చూసుకోమనండి. ఈ ఆదివారం ఆమె పక్కన కూర్చుని, ఒక పుల్ రిక్వెస్ట్ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించమని అడగండి. పక్క ఫ్లాట్ అబ్బాయి పేరు మాత్రం ఎత్తకండి.