‘బిఫోర్ దాన్’ రాస్తున్న యువ రచయిత్రికి

మైలాపూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మద్రాసు తెలుగువాళ్ల మీద నువ్వు ఇంగ్లీషులో రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం బాగా పట్టావు, తేదీలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఏది ముందు జరిగింది, ఏది తర్వాత, ఎంత తర్వాత అని చెప్పాల్సిన చోటల్లా వాక్యం తడబడింది. చరిత్ర రాసేవాళ్లకు ఇది చిన్న లోపం కాదు. తేదీ సరైనదే అయినా పాఠకుడి మనసులో క్రమం తారుమారవుతుంది. అందుకని ఈ ఉత్తరం పూర్తిగా ఆ ఒక్క సంగతి మీదే.

‘గురజాడ డైడ్ బిఫోర్ దాన్ వీరేశలింగం’ అని రాశావు. మనం ‘వీరేశలింగం కంటే ముందు’ అని రెండు మాటల్లో చెబుతాం కనుక ఇంగ్లీషులోనూ రెండూ ఉండాలనిపిస్తుంది. కానీ ‘బిఫోర్’లో ఆ ‘కంటే’ ఇమిడే ఉంది. ‘బిఫోర్ వీరేశలింగం’ అంటే చాలు. ‘దాన్’ వాడాలని ఉంటే ‘ఎర్లియర్ దాన్’ అను. అలాగే ‘ఆఫ్టర్ దాన్’ లేదు, ‘లేటర్ దాన్’ ఉంది. ‘మోర్ ఎర్లియర్’ అసలే వద్దు, నొక్కి చెప్పాలంటే ‘మచ్ ఎర్లియర్’. ఇక ‘ప్రయర్’ పక్కన ‘దాన్’ రాదు, ‘టు’ వస్తుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్‌ల లాగే అదీ లాటిన్ మాట. ఆ కుటుంబమంతా ‘టు’నే అడుగుతుంది. నన్నడిగితే ‘ప్రయర్ టు’ను ఆఫీసు కాగితాలకు వదిలేసి వ్యాసంలో ‘బిఫోర్’ అనే రాయమంటాను.

ఎంత ముందు అన్నది ఎక్కడ పెట్టాలో చూడు. గురజాడ పోయింది 1915 నవంబరు 30న, వీరేశలింగం ఇదే మద్రాసులో పోయింది 1919 మే 27న. తేడా దాదాపు మూడున్నరేళ్లు. ఈ మూడున్నరేళ్లు ‘బిఫోర్’కు ముందు నిలబడాలి: ‘త్రీ అండ్ ఎ హాఫ్ ఇయర్స్ బిఫోర్ వీరేశలింగం’. దాన్ని ‘బిఫోర్’ తర్వాతికి తోసి మధ్యలో ‘ఆఫ్’ అతికిస్తే వాక్యం చెడుతుంది. పొట్టి శ్రీరాములు దగ్గర నువ్వు చేసిందదే. ఆయన 1952 డిసెంబరు 15 రాత్రి మరణించారు, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించింది 19న. ‘ఆఫ్టర్ ఫోర్ డేస్ ఆఫ్ హిజ్ డెత్’ అని రాశావు. ‘ఫోర్ డేస్ ఆఫ్టర్ హిజ్ డెత్’ అనాలి. మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో కూడా ఈ తప్పు దొర్లుతూ ఉంటుంది, చదివి చదివి మనకు అలవాటైపోతుంది. ‘వితిన్ ఫోర్ డేస్ ఆఫ్ హిజ్ డెత్’ మాత్రం ఒప్పే. ‘వితిన్’కు చెల్లే ‘ఆఫ్’ ‘ఆఫ్టర్’కు చెల్లదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ కాలపు మాటైనా రాసేముందు నువ్వు ఎక్కడ నిలబడి చూస్తున్నావో తేల్చుకో. ఈ రోజు నిలబడి వెనక్కి లెక్కిస్తే ‘ఎగో’. గతంలోనే ఇంకో రోజున నిలబడి అక్కణ్ణుంచి వెనక్కి లెక్కిస్తే ‘బిఫోర్’ లేదా ‘ఎర్లియర్’. ఈ తేడా తెలుగులో లేనిది కాదు. ‘పదేళ్ల క్రితం’ అంటే ఇప్పటి నుంచి లెక్క, ‘అంతకు పదేళ్ల ముందు’ అంటే అప్పటి నుంచి. మాట్లాడేటప్పుడు రెండింటికీ ‘ముందు’ అనేస్తాం, చిక్కు అక్కడ మొదలవుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజును వర్ణిస్తూ శ్రీరాములు ‘లాస్ట్ డిసెంబర్’లో పోయారని రాశావు. ‘లాస్ట్ డిసెంబర్’ అంటే నీ వ్యాసం చదువుతున్నవాడికి మొన్న గడిచిన డిసెంబరు. అక్కడ ‘ద ప్రీవియస్ డిసెంబర్’ కావాలి. అలాగే ‘టుమారో’ బదులు ‘ద నెక్స్ట్ డే’, ‘నౌ’ బదులు ‘దెన్’ లేదా ‘బై దెన్’. ముందుకు చూసేటప్పుడూ ఇదే జాగ్రత్త. రెండు రోజుల తర్వాత వస్తానని ఎవరికైనా రాయాలంటే ‘ఇన్ టూ డేస్’ అను, ‘ఆఫ్టర్ టూ డేస్’ కాదు.

‘హ్యాడ్’ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, నీ వ్యాసం నిండా అదే ఉంది. సంగతి ఎంత పాతదైతే ‘హ్యాడ్’ అంత అవసరమని నువ్వు అనుకుంటున్నట్టుంది. ‘హ్యాడ్’ దూరాన్ని కొలవదు, క్రమాన్ని మాత్రమే చూపిస్తుంది. గతంలో రెండు ఘట్టాలుండి, తర్వాతి దాని దగ్గర నిలబడి అంతకు ముందుదాన్ని చూపేటప్పుడే దానికి పని. ‘ఆంధ్రపత్రిక హ్యాడ్ కమ్ టు మద్రాస్ ఇన్ 1914’ అన్న వాక్యంలో రెండో ఘట్టమేదీ? అక్కడ ‘కేమ్’ చాలు. 1851లో పెట్టిన ఎగ్మోరు మ్యూజియం గురించి రాసినా మామూలు భూతకాలమే. అదే 1924లో భారతి పత్రిక మొదలైన రోజు దగ్గర నిలబడితే, అప్పటికి ఆంధ్రపత్రిక మద్రాసులో ఉండబట్టి పదేళ్లు: ‘హ్యాడ్ బీన్ ఇన్ మద్రాస్ ఫర్ టెన్ ఇయర్స్’. ఇక్కడ ‘హ్యాడ్’ లేకపోతే వాక్యం నిలబడదు.

‘వెన్’తో మరీ జాగ్రత్త. ‘వెన్ వి రీచ్డ్ ఎగ్మోర్, ద ట్రైన్ లెఫ్ట్’ అంటే మనం స్టేషనుకు చేరగానే రైలు కదిలింది. ‘ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అంటే మనం చేరేసరికే అది వెళ్లిపోయింది. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ ఉన్న వాక్యంలో క్రమం ఆ మాటే చెబుతుంది కనుక చాలాసార్లు ‘హ్యాడ్’ లేకపోయినా ఇబ్బంది లేదు. కథనంలో వెనక్కి వెళ్లేటప్పుడు మొదటి ఒకటి రెండు వాక్యాల్లో ‘హ్యాడ్’ పెట్టి, పాఠకుడు అక్కడికి చేరాక మామూలు భూతకాలంలోకి దిగిపో. తిరిగి వచ్చేటప్పుడు ‘బై 1953’ లాంటి గుర్తు ఒకటి వేయి. పేరా అంతా ‘హ్యాడ్’లతో నింపితే చదివేవాడికి ఊపిరాడదు.

‘నో సూనర్’ పక్కన ‘వెన్’ పెట్టావు. అది ‘దాన్’నే కోరుతుంది. ‘వెన్’ కావాలంటే ‘హార్డ్‌లీ’ వాడు.

పోల్చేటప్పుడు సంఘటనను సంఘటనతోనే పోల్చాలి. బెంగళూరు మెట్రో 2011 అక్టోబరు 20న నడిచింది, చెన్నై మెట్రో 2015 జూన్ 29న. ‘చెన్నై మెట్రో బెంగళూరు కంటే ఆలస్యంగా వచ్చింది’ అంటే తెలుగులో ఎవరూ తప్పు పట్టరు. ఇంగ్లీషులో ‘లేటర్ దాన్ బెంగళూరు’ అంటే మెట్రోను ఊరితో పోల్చినట్టవుతుంది. ‘లేటర్ దాన్ బెంగళూరుస్’ అని చివర ఆ ‘స్’ చేర్చాలి.

మన ఊళ్లో అందరి నోటా వినిపించే ‘ఇట్‌సెల్ఫ్’ కూడా నీ వ్యాసంలోకి వచ్చింది. ‘1878లోనే హిందూ పత్రిక మొదలైంది’ అనే ధోరణిలో ‘ఇన్ 1878 ఇట్‌సెల్ఫ్’ అన్నావు. ఆ ‘లోనే’కు ఇంగ్లీషులో ‘యాజ్ ఎర్లీ యాజ్ 1878’ ఉంది. దానికి ఎదురుమాట కూడా నేర్చుకో: ఆ పత్రిక 1889లో గానీ దినపత్రిక కాలేదు, ‘నాట్ అంటిల్ 1889’. చరిత్ర వ్యాసానికి ఈ రెండూ ఎంతో అక్కరకొస్తాయి.

‘సిన్స్’ తర్వాత మొదలైన క్షణం, ‘ఫర్’ తర్వాత గడిచిన కాలం. ‘సిన్స్ టెన్ ఇయర్స్’ కుదరదు. ‘సిన్స్ 1914’ రాస్తే క్రియకు ‘హ్యాజ్’ లేదా ‘హ్యాడ్’ తోడుండాలి. అది వద్దనుకుంటే ‘ఫ్రమ్ 1914’ అని మార్చుకో.

రెండో ప్రతి మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద అడ్డగీత గీసి, వ్యాసంలోని తేదీలన్నీ ఎడమ నుంచి కుడికి గుర్తుపెట్టు. తర్వాత కంప్యూటరులో ‘హ్యాడ్’ అని వెతికి, ప్రతి చోటా రెండో ఘట్టం ఏదో ఆ గీత మీద వేలు పెట్టి చూపించు. చూపించలేకపోతే కొట్టెయ్. అలాగే ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’, ‘దాన్’, ‘సిన్స్’, ‘లాస్ట్’ ఒక్కొక్కటీ వెతుకు. అన్నీ ఒకేసారి వెతికితే కన్ను జారిపోతుంది, మాటకొకసారి చదువు. ఆ గీత గీసిన కాగితం కూడా వ్యాసంతో పాటు పంపు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.