ఒకటి బాగుందా, రెండు బాగుందా

బిడ్డా,

నీ మెసేజ్ రాత్రి చదివాను. ఆప్టోమెట్రీ, అదే కళ్లు పరీక్షించి అద్దాల పవర్ రాసే చదువు, దాని ఇంటర్న్‌షిప్‌లో చేరి నెల తిరగకముందే రెండు మాటలు నిన్ను నొప్పించాయన్నావు. అద్దాలు మార్చి మార్చి మనం పేషెంటును అడిగే ప్రశ్ననే పట్టుకుని, క్యాంటీన్‌లో పీజీ డాక్టర్లు మిమ్మల్ని "ఒకటి బాగుందా, రెండు బాగుందా బ్యాచ్" అని పిలవడం మొదటిది. పెళ్లిలో మన చుట్టాలావిడ "ఎంబీబీఎస్ సీటు రాక ఇందులో చేరావా?" అనడం రెండోది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, ఈ రెంటినీ ఒకే గాటన కట్టకు.

మొదటిది మన ఇంటి మాట. కంటి ఆసుపత్రిలో అందరి మీదా జోకులుంటాయి. శుక్లాల ఆపరేషన్ చేసేవాళ్లను మిగతావాళ్లు "పది నిమిషాల డాక్టర్లు" అంటారు. ఆప్టికల్ కౌంటర్ అబ్బాయి నాతో రోజూ "మేడం, మీరు నంబరు రాస్తారు, మేం చూపిస్తాం" అంటాడు. చీరల కొట్లో మీ మామయ్య చెరో చేత్తో ఒక చీర పట్టుకుని "ఒకటా, రెండా?" అని అడుగుతాడు. నవ్వు. నువ్వూ ఒకటి విసురు. పొద్దంతా చీకటిగదిలో నిలబడే పనికి ఈ నవ్వే ఊపిరి.

దానికి హద్దు మాత్రం ఉంది, పేషెంటు చెవిన పడకూడదు. నువ్వు రాసిన పవర్‌ను పేషెంటు ముందు ఎవరైనా వెక్కిరిస్తే ఆ అద్దాలు ఆయన పెట్టుకోడు. అప్పుడు అక్కడే వాదనకు దిగకు. ఓపీ అయ్యాక వెళ్లి, "సర్, తప్పుంటే నాకు చెప్పండి, పేషెంటు ముందు వద్దు" అని అడుగు. నేను అడిగాను. ఒకాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత ఆ అలవాటు మానుకున్నాడు.

పేషెంటు మీద జోకు అసలే వద్దు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఏడో తరగతి పిల్లాడొకడు వచ్చాడు, రెండు కళ్లకూ మైనస్ పన్నెండు. వాడి అద్దాలు తుడుస్తూ "అబ్బో, సోడాబుడ్డి!" అన్నాను, ముద్దుగానే. వాడూ నవ్వాడు, వాళ్లమ్మా నవ్వింది. మరుసటేడు వచ్చినప్పుడు వాడి ముక్కు మీద అద్దాల అచ్చు లేదు. బడిలో పెట్టుకోవడం మానేశాడట. మొదటి బెంచీలో కూర్చుని కూడా పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటున్నాడట. "మేడం కూడా అదే అంది కదా" అని వాళ్లమ్మతో అన్నాడట. నునుపుగా ఉన్న ఆ ముక్కు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. సోడాబుడ్డి, నాలుగు కళ్లు, మెల్లకన్ను, ఇలాంటివి నీ నోట ఎన్నడూ రానివ్వకు.

ఇక ఆ పెళ్లి మాట. కంటి డాక్టర్లకు ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఆపైన ఎంఎస్ మూడేళ్లు. నీది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. వాళ్లు కన్ను కోసి బాగుచేస్తారు, మనం చేయం. ఈ తేడా దాచాల్సిన పనిలేదు. రేపు సొంతంగా క్లినిక్ పెట్టినా పేరు ముందు డాక్టరు అని రాయించుకోకు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఆప్టోమెట్రిస్టు అనే పేరు ఉంది. ఆ పేరుతోనే తలెత్తుకుని తిరుగు.

ఎవరు పెద్ద అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు ఉచిత కంటి పరీక్షల శిబిరాలే గుర్తొస్తాయి. ఓ పల్లెలో నలభై ఐదు దాటిన బీడీ కార్మికురాలు చాట చంకన పెట్టుకునే వరసలో నిలబడింది. చత్వారం, దగ్గరివి మసకగా కనబడతాయి. ముడి సరిగా పడక బీడీలు పక్కకు తీసేస్తున్నారని ఆమె బాధ. చదువు రాదు, అక్షరాల కార్డు చూపిస్తే పక్కకు నెట్టింది. ప్లస్ ఒకటిన్నర అద్దాలు పెట్టి, "అక్కా, ఒక బీడీ చుట్టు" అన్నాను. తునికాకు తీసింది, తంబాకు పోసి చుట్టింది, దారం కట్టి ముడి దగ్గర ఆగింది. "పోగు కనవడుతుంది బిడ్డా" అంది. వెనక వరస ఆగిపోయినా పట్టించుకోకుండా ఇంకో రెండు చుట్టింది. కత్తి అక్కర్లేదు, మందు అక్కర్లేదు. చూపు మందగించడానికి ప్రపంచంలో అతి పెద్ద కారణాల్లో ఒకటి సరైన అద్దాలు లేకపోవడమే. ఆ పని మనది.

ఒక్క విషయంలో పీజీల జోకును పట్టించుకో. పవర్‌ను దానంతటదే కొలిచే మిషన్, ఆటో రిఫ్రాక్టోమీటరు, ఇచ్చిన చీటీ చూసి అదే పవర్ రాసిచ్చేవాళ్లున్నారు. అలాంటివాళ్ల మీద ఆ జోకు అన్యాయం కాదు. కంట్లోకి వెలుతురు వేసి మనమే పవర్ కొలిచే రెటినోస్కోప్‌ను చేతిలోంచి దించకు. చిన్నపిల్లలకు కంటి కండరాన్ని సడలించే చుక్కలు వేశాకే చూడు, లేకపోతే ప్లస్ పవర్‌ను కన్ను దాచేస్తుంది. పెద్దవాళ్లు ఏడాదిలో రెండు మూడుసార్లు అద్దాలు మార్చామంటే మళ్లీ కొత్త నంబరు రాసి పంపొద్దు. కంటి ఒత్తిడి చూడు, కంటి నరం చూడు, నీటికాసులేమో (గ్లకోమా) అనిపిస్తే ఆ పీజీల దగ్గరికే తీసుకెళ్లు. అలా రెండుసార్లు సరైన కేసు పట్టుకెళ్లావంటే మూడోసారి వాళ్లే పిలిచి అడుగుతారు.

దసరాకు వచ్చేటప్పుడు రెటినోస్కోప్ తెచ్చుకో. తాతకు పేపరు సరిగా కనబడట్లేదట. నేను చూస్తానంటే, మనవరాలు వచ్చాకే చూపించుకుంటానన్నాడు.

నీ మేనత్త