పక్కన పునాది తవ్వితే పాత ఇంటికేం ముప్పు?

ప్రశ్న: న్యూయార్క్‌లోని మర్చంట్స్ హౌస్ మ్యూజియం పక్కన ఎనిమిదంతస్తుల హోటల్ వద్దని ఏళ్ల తరబడి పేచీ నడిచింది. 1832లో కట్టి ఇన్నాళ్లు నిలిచిన ఇల్లు, పక్కన తవ్వినంత మాత్రాన పడిపోతుందా?

జవాబు: ఇల్లు పడిపోవడం తర్వాతి మాట. అంతకుముందే తవ్వకం అదురుకు లోపలి సున్నపు గార పని ఊడొస్తుంది. ఆ ఇంటి విలువలో పెద్ద వాటా దానిదే.

టోపీల వ్యాపారి జోసెఫ్ బ్రూస్టర్ దాన్ని అమ్మకానికే కట్టించాడు. ఇనుప సామాన్ల వ్యాపారి సీబరీ ట్రెడ్‌వెల్ 1835లో 18,000 డాలర్లకు కొన్నాడు. ఆయన ఆఖరి కూతురు గెర్ట్రూడ్ 1840లో ఆ ఇంట్లోనే పుట్టి, 1933లో అక్కడే పోయింది. దాదాపు వందేళ్లు ఒకే కుటుంబం చేతిలో ఉండబట్టే సామాను, బట్టలు సహా మిగిలాయి. 1936లో మ్యూజియం అయింది. 1965లో నగరం రక్షిత కట్టడంగా ప్రకటించింది, 1981లో లోపలి గదులకూ ఆ హోదా ఇచ్చింది.

ఇక గదుల లోకప్పుకు వేసిన ఆ గార సంగతి. ఆ కాలంలో దూలాలకు సన్నని చెక్క బద్దలు కాస్త ఎడంగా కొట్టి, సున్నం, ఇసుక, జంతువుల వెంట్రుకలు కలిపిన ముద్దను కింది నుంచి అదిమేవారు. సందుల్లోంచి పైకి వెళ్లిన ముద్ద బద్దల మీద వంగి కొక్కెంలా గట్టిపడుతుంది. పూత బరువంతా ఆ కొక్కేల మీదే. అదురుకు అవి పుటుక్కున విరుగుతాయి, కింద నుంచి చూస్తే మాత్రం ఏమీ తెలియదు. వేళ్లతో తట్టినప్పుడు డొల్ల మోత వస్తే అక్కడ పట్టు వదిలిందన్నమాట. అలాంటి చోట పెళ్ల ఊడబీకకూడదు. కింద మెత్త వేసి ఆనిక పెట్టి, సన్న రంధ్రాల గుండా జిగురు ఎక్కించి నిలబెట్టాలి.

ఒకదానికొకటి ఆనించి కట్టిన వరుస ఇళ్లకు ఇంకో చిక్కు, రెండిళ్ల మధ్య ఉండే ఉమ్మడి గోడ. దాన్ని ఎండావానలకు తట్టుకునేలా కట్టరు. పక్కిల్లు తీసేస్తే నాసి ఇటుక బయటపడి నీరు పీలుస్తుంది. కంగారుపడి సిమెంటుతో సందులు పూడిస్తే మరీ చేటు: తడి బయటికి పోయే దారి మూసుకుపోయి ఇటుకలోనే నిలుస్తుంది, చలికి గడ్డకట్టి ఇటుక పొరలు రాలతాయి. పాత గోడకు సున్నమే వాడాలి.

2018లో నగర మండలి ఆ హోటల్ ప్రతిపాదనను తోసిపుచ్చింది. అలాంటి చోట తవ్వక తప్పదంటే, ముందే ప్రతి పగులునూ కొలిచి ఫొటో తీయాలి. గోడల మీద అదురు కొలిచే పరికరాలు బిగించి, హద్దు దాటగానే పని ఆపాలి.