హైతీ పూసలు, బరంపురం సూది

ప్రశ్న: మా అమ్మ పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. హైతీలో పుట్టిన ఫాబ్రిస్ సైమన్ పూసల గౌన్లతో అమెరికాలో పేరు తెచ్చుకున్నారని చదివాను. ఆయన పనిని ‘ఓట్ కుట్యూర్’ (ఫ్రెంచ్ వారి అత్యున్నత స్థాయి దుస్తుల తయారీ) అనవచ్చా? నేనూ డిజైనర్‌ని కాగలనా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: హైతీ నుంచి న్యూయార్క్ చేరిన ఫాబ్రిస్, చేతితో పూసలు కుట్టించిన విందు గౌన్లతో ప్రసిద్ధులై, 1981లో అమెరికా ఫ్యాషన్ రంగపు ‘కోటీ’ అవార్డు అందుకున్నారు, 1998లో కన్నుమూశారు. అయితే ‘ఓట్ కుట్యూర్’ అనే పేరుకు ఫ్రాన్సులో 1945 నుంచి చట్టరక్షణ ఉంది. పారిస్‌లో సొంత కుట్టుశాల నడుపుతూ, ఒక్కొక్కరి కొలతలకు విడిగా కుట్టి, అధికారిక జాబితాకెక్కిన సంస్థలకే అది చెల్లుతుంది. కనుక ఆ పేరు ఆయనకు వర్తించదు. పనితనం మాత్రం ఆ స్థాయిదేనని నా నమ్మకం.

మీ అమ్మగారి చేతిని గమనించండి. చట్రానికి బిగించిన గుడ్డలోకి పైనుంచి కొక్కెం సూది దించి, కింది దారాన్ని పైకి లాగి గొలుసుకుట్టు వేస్తారు. పారిస్ వారు పూసల పనికి వాడే ‘లూనెవిల్’ కొక్కెం సూది వేసేదీ ఆ కుట్టే. కాకపోతే అక్కడ గుడ్డను తిరగేసి బిగించడం వల్ల పూసలు కిందివైపున ఉంటాయి, వాటిని వేలికొసల స్పర్శతోనే సర్దుకోవాలి. ఇంత దగ్గరి విద్య ఇంట్లోనే ఉండగా మీరు వెనుకాడవలసిన పని లేదు. కత్తిరింపు, డ్రేపింగ్ (బొమ్మ మీద గుడ్డ పరచి దుస్తుల ఆకృతి తీర్చడం) మాత్రం పద్ధతిగా నేర్చుకోవాలి. అందుకు భువనేశ్వర్‌లో నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) ఉంది. ప్రవేశపరీక్షకు చదువుతూనే, బరంపురం పట్టు ముక్కల మీద మీ చేత్తో కుట్టిన నమూనాలు కొన్ని సిద్ధం చేసుకోండి.